గుణుపురంలో చిన్న చికెన్ ప్రాసెసింగ్ యూనిట్ పెడితే నిలబడుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

వంశధార రైతు, గుణుపురం
అందరికీ నమస్కారం. మాది ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. ఎనిమిదేళ్లుగా 5,000 కోళ్ల బ్రాయిలర్ షెడ్డు నడుపుతున్నాను, ఒక కంపెనీకి ఇంటిగ్రేషన్ మీద. పిల్ల, దాణా, మందులు వాళ్లవి. షెడ్డు, ఊక, కరెంటు, నీళ్లు, కష్టం మాది. మొన్న ఎండాకాలం బ్యాచ్‌లో కోళ్లు 40 రోజులకే 2 కిలోలు దాటాయి, వాటిని ఎత్తుకెళ్లే కంపెనీ లిఫ్టింగ్ బండి మాత్రం ఇంకో తొమ్మిది రోజులకు గానీ రాలేదు. ఆ తొమ్మిది రోజులూ తిన్నది ఎక్కువ, పెరిగింది తక్కువ, ఎండకి రోజూ ఇరవై ముప్పై చచ్చిపోయేవి, పొద్దున్నే గోనెసంచిలో వేసి మోసుకెళ్లి పాతిపెట్టేవాణ్ని. చివరికి లెక్క కట్టేటప్పుడు ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకి ఎంత దాణా తిన్నదనే లెక్క) బాగాలేదని పెంపకం చార్జీలో కోత పెట్టారు. బండి ఆలస్యం వాళ్లది, కోత నాకు. అడిగితే మార్కెట్ డల్‌గా ఉంది అన్నారు, అంతే.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. నేనే కోసి, శుభ్రం చేసి, ప్యాక్ చేసి అమ్ముకుంటే ఈ బండి కోసం ఎదురుచూపులు ఉండవు కదా. మెషీన్ల ఏజెంటు ఒకాయన వచ్చి గంటకు 500 కోళ్లు కోసే లైను వీడియో చూపించాడు, బ్యాంకు లోను కూడా తనే చూసుకుంటానంటున్నాడు. నాన్న వద్దంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు ఎవరైనా ఇలాంటిది చేశారా? ఉన్నదున్నట్టు చెప్పండి.

పాత హేచరీ మనిషి, బరంపురం
తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు హేచరీల్లో, ఫారాల్లో తిరిగినవాణ్ని, నీ బాధ నాకు తెలుసు. ముందు ఒక సంగతి తేల్చుకో. ఇంటిగ్రేషన్‌లో నీ షెడ్డులో తిరిగే కోడి నీది కాదు. పిల్ల దిగిన రోజు నుంచి అది కంపెనీ సొత్తు. కోయాలంటే నువ్వు సొంత బ్యాచ్ వేసుకోవాలి, లేదా సొంతంగా పెంచేవాళ్ల దగ్గర లైవ్ కొనాలి. సొంత బ్యాచ్ అంటే ఖర్చులో అరవై డెబ్బై శాతం దాణాకే పోతుంది, రేటు పడిపోతే ఆ దెబ్బ కూడా నీ నెత్తినే.

ఇక దేశం సంగతి. పెంపకంలో మనం ఎంత ముందుకెళ్లామో అమ్మకంలో అంత వెనకబడి ఉన్నాం. 1971లో బి.వి.రావు గారు హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు, 1982లో గుడ్ల రైతులు ఎన్‌ఈసీసీ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) కింద ఒక్కటై రేటు తామే ప్రకటించుకునే స్థితికి వచ్చారు, తర్వాత తమిళనాడు వైపు నుంచి ఇంటిగ్రేషన్ పాకింది. జాతులు మారాయి, దాణా మారింది, కోడి 40 రోజులకు చేతికొస్తోంది. 2023-24లో దేశంలో మాంసం ఉత్పత్తి 1 కోటి 2 లక్షల టన్నులు దాటితే అందులో దాదాపు సగం కోడిదే. ఇంత చేసి ఆ కోడి చివరికి చేరేది ఎక్కడికి? ఆదివారం పొద్దున్న రోడ్డు పక్కన బోనులోంచి తీసి, తూకం వేసి, గొంతు కోసి నీలం డ్రమ్ములో పడేస్తారు. లోపల టపటపా కొట్టుకునే చప్పుడు ఆగాక తీసి చర్మం ఒలిచి చింతమొద్దు మీద ముక్కలు కొడతారు. ఆ మొద్దు పగుళ్లలో పొద్దున్నుంచి కొట్టిన కోళ్లన్నిటి రక్తమూ ఉంటుంది. అయినా మనం కళ్ల ముందు కోశారు కాబట్టి తాజా అనుకుంటాం. జనం నమ్మకం ఆ చూపు మీద ఉంది. ఆ నమ్మకం ప్యాకెట్ మీదికి రావడానికి మెషీన్ ఒక్కటీ చాలదు.

గంటకు 500 అంటే ఎనిమిది గంటలకు 4,000 కోళ్లు. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ మూడూ కలిపినా రోజూ 4,000 డ్రెస్డ్ కోళ్లు, అంటే కోసి శుభ్రం చేసినవి, కొనేవాళ్లు ఎవరున్నారు? లైను పదో వంతు నడిచినా లోను వాయిదా మాత్రం పూర్తిగానే కట్టాలి. నాన్నగారి మాట పక్కన పెట్టకు.

మెకానికల్ కుర్రాడు, విశాఖ (సొంతూరు రాయగడ)
పెద్దాయన మాట మీద గౌరవం ఉంది కానీ అందరూ ఇలా చిన్నగా చిన్నగా అంటే మనం ఎప్పటికీ ఆ మొద్దు దగ్గరే ఉంటాం. బ్రెజిల్ చూడండి. అక్కడ శాంతా కాతరీనాలో చిన్న చిన్న కుటుంబ రైతులే, 1944లో పుట్టిన సాదియా లాంటి కంపెనీ వాళ్లందరినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది, ఇవాళ ప్రపంచంలో ఎక్కువ కోడిమాంసం ఎగుమతి చేసే దేశం అదే. థాయ్‌లాండ్‌లో 2004లో బర్డ్ ఫ్లూ వచ్చి యూరప్, జపాన్ వాళ్ల పచ్చి చికెన్ ఆపేస్తే వాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు, ఫ్యాక్టరీలను వండిన చికెన్ వైపు తిప్పేశారు. యూరప్ పచ్చిది మళ్లీ రానిచ్చింది 2012లో, ఆలోపు వండినదే వాళ్ల ప్రధాన సరుకు అయిపోయింది. మన దగ్గర నవరంగపూర్ నిండా మొక్కజొన్న, విశాఖ పోర్టు దగ్గర, హైవే ఉంది. 2020లో కేంద్రం 15,000 కోట్లతో పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి పెట్టింది, మాంసం ప్రాసెసింగ్‌కి లోను తీసుకుంటే వడ్డీలో 3 శాతం వాళ్లు భరిస్తారు. ఇన్ని ఉండి కూడా భయపడితే ఎలా అన్నా?

మెస్ అక్క, బరంపురం
కొనేవాళ్ల వైపు నుంచి నేను చెప్తాను. నేను రెండు హాస్టళ్లకు మెస్ నడుపుతాను, బుధవారం, ఆదివారం కలిపి 120 కిలోల దాకా చికెన్ కొంటాను. రేటులో ఐదో పదో తేడా వస్తే పట్టించుకోను. నాకు కావలసినవి మూడే. పొద్దున్న ఆరింటికి సరుకు గుమ్మంలో ఉండాలి. ముక్కలు ఒకే సైజులో ఉండాలి, ఎందుకంటే పెద్ద గుండిగలో చిన్నముక్క కరిగిపోయి పెద్దముక్క ఎముక దగ్గర ఎర్రగా మిగిలిపోతుంది, పిల్లలు పళ్లెం తెచ్చి నా ముందు పెడతారు. మూడోది, తూకంలో నీళ్లు ఉండకూడదు.

ఒకసారి ఇలాగే ఒకాయన డ్రెస్డ్ చికెన్ అని థర్మోకోల్ పెట్టెల్లో తెచ్చాడు, మన చేపల పెట్టెల్లాంటివే. పైన ఐసు నిండుగా ఉంది, చూడ్డానికి బాగుంది. అడుగున ఉన్న కోళ్లు తీస్తే చేతికి గోరువెచ్చగా తగిలాయి. తొడ, నడుము కలిసే చోట ముక్కు పెట్టి చూశాను, వాసన మొదలైంది. అరవై కోళ్లు, అన్నీ వెనక్కి పంపించాను. ఆ రోజు పిల్లలకు గుడ్డు కూర పెట్టి క్షమించమని అడిగాను. మళ్లీ మొద్దు కొట్టుకే వెళ్తున్నాను, అక్కడ శుభ్రం లేదని నాకు తెలిసే వెళ్తున్నాను, మాంసం మాత్రం అప్పుడే కోసింది. తమ్ముడూ, పైన చెప్పిన మూడూ నువ్వు ఇవ్వగలిగితే నా ఆర్డరు నీదే, వేరే మెస్ వాళ్లు ఇద్దరు ముగ్గురికి కూడా నేనే చెప్తాను.

వంశధార రైతు, గుణుపురం
అక్కా, నిజంగానా? ఇంత స్పష్టంగా ఏం కావాలో చెప్పిన మొదటి మనిషి మీరే. ఏజెంటు అమ్మకం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ పెట్టెల్లో కోళ్లు ఐసు ఉండి కూడా ఎందుకు పాడయ్యాయి? అది అర్థం కాలేదు.

పశువుల డాక్టరమ్మ, పర్లాకిమిడి
బాబూ, మొత్తం వ్యాపారం ఆ ప్రశ్నలోనే ఉంది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

బతికున్న కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే. కోసిన వెంటనే ఆ వేడి పోదు, ముఖ్యంగా తొడలోపల, రొమ్ము లోపల. అలా వేడిగా ఉన్న కోళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి పైన ఐసు చల్లితే పైవరస చల్లబడుతుంది, మధ్యవరస ఒకదాని వేడి ఒకటి కాచుకుంటూ ఉండిపోతుంది. సూదిలా గుచ్చే థర్మామీటరు ఒకటి ఉంటుంది, కొన్ని వందల్లో వస్తుంది. నేను ఒక కొట్లో ఇలా పేర్చిన పెట్టె మధ్యలో గంట తర్వాత గుచ్చి చూస్తే 19 డిగ్రీలు చూపించింది. సూక్ష్మజీవులకు అది హాయైన వేడి. లోపల 4 డిగ్రీలకు దిగాలి. దానికి ఐసు పైన చల్లడం కాదు, కోడి ఐసునీళ్లలో విడివిడిగా మునగాలి, మధ్యమధ్యలో కలుపుతుండాలి, కోడి బరువంత ఐసు లెక్క వేసుకోవాలి. బయటికి తీశాక నీరు పూర్తిగా కారిపోయేదాకా వేలాడదీయాలి, లేకపోతే మెస్ అక్కగారు చెప్పిన నీళ్ల తూకం గొడవ వస్తుంది.

దానికి ముందు పని షెడ్డులోనే మొదలవుతుంది. కోయడానికి 8 నుంచి 10 గంటల ముందు దాణా ఆపాలి, నీళ్లు మాత్రం ఆపకూడదు. కడుపు నిండుగా ఉన్న కోడిని కోస్తే పేగు తెగి రెట్టంతా మాంసానికి అంటుకుంటుంది, ఎన్ని నీళ్లతో కడిగినా అది పోదు. డ్రమ్ములో పడేయకుండా గరాటులాంటి కోన్‌లో తలకిందులుగా పెట్టి కోస్తే రెక్కలు కొట్టుకోవు, రక్తం ఒకటిన్నర రెండు నిమిషాల్లో బాగా కారిపోతుంది. చర్మంతో అమ్మాలంటే 52-54 డిగ్రీల నీళ్లలో సుమారు రెండు నిమిషాలు ముంచితే ఈకలు వస్తాయి, 60కి వెళ్తే నిమిషంలోపే వస్తాయి గానీ పై పొర కూడా ఊడిపోతుంది. స్కిన్‌లెస్ అయితే ఈ గొడవ లేదు. కోసే గది, పేగులు తీసే గది, కడిగి చల్లబరిచే గది, ఈ మూడింటికీ మధ్య గోడ ఉండాలి. కోసేచోట ఉన్న మనిషి అదే చేత్తో అదే గుడ్డతో ప్యాకింగ్ దగ్గరికి రాకూడదు. లక్షల మెషీన్ పెట్టి ఈ ఒక్కటి పాటించకపోతే మురికిని స్పీడుగా పంచుతున్నట్టే.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. కోసిన వెంటనే డీప్ ఫ్రీజర్‌లో పడేస్తే మాంసం బిగుసుకుపోయి రబ్బరులా నములుతాం. నాలుగైదు గంటలు చల్లగా ఉంచితే కండ వదులవుతుంది, ఆ తర్వాత వండినా ఫ్రీజ్ చేసినా మెత్తగా ఉంటుంది. ఫ్రిజ్ చికెన్ చప్పగా గట్టిగా ఉంటుంది అని మనవాళ్లు అనేది ఈ తప్పు వల్లనే ఎక్కువ.

హైదరాబాద్ చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, ఇవన్నీ చేతితో చేయించి నేర్పుతారు. భాషకు ఇబ్బంది లేదు, వెళ్లి రా.

నాగావళి ఒడ్డు, రాయగడ
అందరూ మాంసం గురించే రాస్తున్నారు, మిగిలిన దాని గురించి ఎవరూ రాయలేదు. రెండు కిలోల కోడిలో స్కిన్‌లెస్ మాంసం కిలోంపావు, మహా అయితే కిలోన్నరలోపు. మిగతాది ఈకలు, తల, కాళ్లు, పేగులు, చర్మం, రక్తం. కందనకాయ, కార్జం, గుండె అమ్ముడుపోతాయి అనుకున్నా ఒక్కో కోడికి అర కిలోకి పైగా పారేసేదే. మా ఇల్లు నదికి దగ్గర. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక బండ్ల మీద సంచులు వస్తాయి, వంతెన పక్కన పడతాయి. సోమవారం కుక్కలు ఆ సంచులు చింపి ఈకలు వీధంతా లాక్కొస్తాయి. మా అమ్మ ఆ వాసనకి వీధివైపు కిటికీ తీసి ఏళ్లయింది. నాగావళి అయినా వంశధార అయినా ఇక్కడి నుంచి కిందికి పారి శ్రీకాకుళం జిల్లాకే వెళ్తాయి. మన సంచులు మనవాళ్ల నీళ్లలోకే పోతున్నాయి.

ఆంధ్రాలో చికెన్ వేస్టును డ్రమ్ముల్లో నింపి దొంగచాటుగా చేపల చెరువులకు తోలడం మీద ఎన్ని గొడవలయ్యాయో పేపర్లలో చూశాం. నీ దగ్గరికి కూడా అలా కొంటామని వస్తారు, డబ్బులు కూడా ఇస్తారు. దయచేసి ఇవ్వకు. పెద్ద ప్లాంటుల్లో రెండరింగ్ యూనిట్ ఉంటుంది, ఈకల్ని, పేగుల్ని ఆవిరి ఒత్తిడి మీద ఉడికించి ఆరబెట్టి పొడి చేస్తారు, దానికీ రేటు ఉంది. దానికి టన్నుల్లో సరుకు కావాలి. చిన్నవాళ్లకి అది కుదరదు కాబట్టే నదిలో పడుతోంది. అందుకే నా ఉద్దేశంలో ప్రభుత్వం ప్రతి పట్టణానికి ముందు పెట్టాల్సింది కోసే ఫ్యాక్టరీ కాదు, అన్ని కొట్ల వేస్టునూ రోజూ ఎత్తుకెళ్లే బండి, దాన్ని ఉడికించే ఒక ఉమ్మడి ప్లాంటు. అది ఉంటే చిన్న కొట్టు కూడా శుభ్రంగా ఉంటుంది.

గొల్లపేట, దిగపహండి వైపు
మేకల గురించి కూడా రెండు మాటలు. మేము గొల్లలం, గంజాం మేకలు మావే. పొడుగు కాళ్ల, కొండలెక్కే జాతి, ఇది గుర్తింపు పొందిన జాతి కూడా. సంతలో ఈ రోజుకీ తూకం లేదు. దళారి వచ్చి మేకపోతు నడుం మీద చెయ్యి వేసి నొక్కి, తోక మొదట్లో పట్టుకుని చూసి ఒక రేటు అంటాడు. మా నాన్నకి కూడా చేతితోనే బరువు తెలుసు, అయినా సాయంత్రం అయ్యేసరికి బండి ఖర్చు పెట్టుకుని వెనక్కి తోలుకురాలేక ఆ రేటుకే ఇచ్చేస్తాం. అక్కడి నుంచి లారీలో నిలబెట్టి విశాఖ దాకా తోలతారు. దారిలో నీళ్లుండవు, బరువు తగ్గిపోతుంది, ఒకటో రెండో కాళ్ల కింద నలిగి చచ్చిపోతాయి. ఆ నష్టం అంతా ముందే మా రేటులోంచి తీసేస్తారు.

2019 పశుగణనలో దేశంలో మేకలు 14 కోట్ల 88 లక్షలు. మునిసిపల్ కబేళాలో అయితే డాక్టరు చూసి తొడ మీద ముద్ర వేస్తాడు, పల్లెల్లో చెట్టు కింద కోసే దానికి ఆ చూపు లేదు. కార్జంలో జలగపురుగు ఉన్నా ఆ ముక్క కోసేసి మిగతాది అమ్మేస్తారు, నేను చూశాను. ఇక్కడే ఒక చిన్న కబేళా ఉండి, కాటా ఉండి, డాక్టరు ఉండి, బతికున్న మేక బదులు చల్లబరిచిన మాంసం బండిలో వెళ్తే మాకు బరువు మిగులుతుంది, తోలు మిగులుతుంది, జంతువుకి ఆ నరకం తప్పుతుంది. గుణుపురం అన్న యూనిట్ పెడితే మేకలకి కూడా ఒక గది ఆలోచించండి.

పశువుల డాక్టరమ్మ, పర్లాకిమిడి
మేక, కోడి ఒకే గదిలో వద్దు. తర్వాత చూసుకోవచ్చు. కాటా సంగతి మాత్రం సంతలోనే అడగండి, దానికి కబేళా దాకా ఆగక్కర్లేదు.

సోయా రైతు, ధర్మాబాద్ (నాందేడ్ జిల్లా)
నేను మహారాష్ట్ర సరిహద్దు నుంచి, మా ఊళ్లో సగం తెలుగే. మా సోయా చెక్కే మీ కోళ్ల దాణాలోకి వస్తుంది, అందుకే ఈ చర్చ నాకూ సొంతమే. మెకానికల్ తమ్ముడు థాయ్‌లాండ్ గురించి రాసింది చాలా మంచి పాయింట్. మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదట బయటపడింది మా రాష్ట్రంలోనే, 2006 ఫిబ్రవరిలో నవాపూర్‌లో. 2025 జనవరిలో మాకు దగ్గరే ఉన్న ఉద్గీర్‌లో కాకులు చచ్చిపోతే బర్డ్ ఫ్లూ అని తేలింది, తర్వాతి నెలలో గోదావరి జిల్లాల్లో కోళ్లకి వచ్చింది. రోగం దొరికిన చోటు నుంచి కిలోమీటరు లోపల కోళ్లన్నీ పూడ్చేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా. కానీ అసలు దెబ్బ ఆ పది కిలోమీటర్ల బయట, ఏ రోగమూ లేని రైతుకి తగులుతుంది. చికెన్ అనే మాట వింటేనే జనం భయపడతారు. 2020లో కరోనా మొదట్లో కూడా ఇంతే, కోడి తింటే వస్తుందని ఎవడో వాట్సాప్‌లో పెడితే మా దగ్గర కోళ్లను ఊరికే పంచిపెట్టినవాళ్లు ఉన్నారు. బతికున్న కోడి ఆగదు, రోజూ తింటుంది. 70 డిగ్రీల్లో వండితే ఆ వైరస్ చస్తుంది అని ఎంత చెప్పినా ఆ వారం ఎవరూ వినరు. ఆ వారం, ఆ నెల మాంసాన్ని పట్టుకోగలిగే కోల్డ్ స్టోరేజీ దగ్గర్లో ఉంటే సగం మంది రైతులు బతికిపోతారు.

అమెరికా లెగ్ పీసుల భయం కూడా ఉంది. అక్కడ జనం రొమ్ము మాంసం ఇష్టపడతారు కాబట్టి కాళ్లు చవక. డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ)లో వాళ్లతో మన దేశం ఓడిపోయింది కూడా, 2015లో. ఇప్పటికైతే ముక్కల మీద 100 శాతం సుంకం కాపాడుతోంది. ఆ గోడ ఎప్పటికీ ఉంటుందని కూర్చోకూడదు.

మా దగ్గర శ్రావణంలో నెల రోజులు అమ్మకం పడుకుంటుంది, దానికి ముందు గటారి అమావాస్యకి కొట్ల ముందు క్యూలు. మీ వైపు ఎలా?

పాత హేచరీ మనిషి, బరంపురం
మా వైపు కార్తీకం. ఒడియా వాళ్లు కార్తీకంలో, అందులోనూ చివరి ఐదు రోజులు పంచుక అని చాలా నిష్ఠగా ఉంటారు, మన తెలుగువాళ్లకీ అదే నెల పట్టింపు. షెడ్లలో కోళ్లు మూడు కిలోలకు పెరిగిపోయి నిలబడి ఉంటాయి, రేటు అడిగేవాడుండడు. పౌర్ణమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి, నిష్ఠ ముగించి మళ్లీ మాంసం తినే రోజు. ఆ ఒక్క పొద్దున్న అడిగినా కోడి దొరకదు, రేటు ఎక్కడికో పోతుంది. ఆ నెలంతా తక్కువకి అమ్ముకున్న రైతుకి ఆ రోజు రేటులో ఒక్క పైసా రాదు. గుణుపురం తమ్ముడూ, నీకు ఎప్పుడైనా ఫ్రీజర్ గది కట్టే స్తోమత వస్తే దాని లెక్క కార్తీకం నుంచి మొదలుపెట్టు. మైనస్ 18లో ఉంచగలిగితే నెల పెద్ద లెక్క కాదు.

సంఘం అక్క, రాయగడ బ్లాకు
మేము పద్నాలుగు మంది ఆడవాళ్లం, స్వయం సహాయక సంఘం. మొదట వనరాజ పిల్లలు తెచ్చి ఇళ్ల దగ్గర పెంచాం, హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ జాతి అది, పెరట్లో తిరిగి బతుకుతుంది. గిరిజన సంతల్లో నాటుకోడికి రేటు ఎప్పుడూ పడదు. తర్వాత మధ్యప్రదేశ్‌లో కేస్లా అనే చోట గిరిజన ఆడవాళ్లు ఏం చేశారో విన్నాం. ఒక్కొక్కరికీ మూడు నాలుగు వందల కోళ్ల చిన్న షెడ్డు, కానీ పిల్లలు, దాణా, అమ్మకం అన్నీ అందరిదీ ఒకటే సంఘం, అలాంటి సంఘాలు కలిసి ఒక కంపెనీ కూడా పెట్టుకున్నాయి. రేటు పడిన బ్యాచ్‌లో కూడా పెంచినామెకి కూలి ఆగకుండా నష్టం సంఘం మోస్తుంది. గుణుపురం తమ్ముడు ఎనిమిదేళ్లు కంపెనీ కింద పడిన బాధకి మందు అక్కడ ఉందని నాకు అనిపిస్తుంది. ప్రాసెసింగ్ పెట్టినా అది ఒక్కడిదైతే రేపు పక్క రైతుకి నువ్వే కోత పెట్టే కంపెనీ అవుతావు. తప్పుగా అనుకోవద్దు, మనసులో మాట చెప్పాను.

మేము ఇప్పుడు చికెన్ పచ్చడి పెడుతున్నాం. గుడ్లు తగ్గిపోయిన ముసలి లేయర్ కోళ్లు చవకగా దొరుకుతాయి, మాంసం గట్టిది కాబట్టి కూరకి ఎవరూ కొనరు, పచ్చడికి మాత్రం అదే బాగుంటుంది, ముక్క విరగదు. ముక్కలో నీరు పూర్తిగా వేగిపోయేదాకా నూనెలో ఉంచడమే కష్టం, తొందరపడితే పదిరోజులకి బూజు వస్తుంది, ఒకసారి 22 సీసాలు పారబోశాం. పీఎంఎఫ్ఎంఈ అని చిన్న ఆహార యూనిట్లకి కేంద్రం పెట్టిన పథకంలో సంఘం సభ్యురాలికి 40,000 వరకు మూలధనం ఇస్తారు, యూనిట్‌కి అయితే 35 శాతం సబ్సిడీ, 10 లక్షల లోపు. ఫారాలు నింపడానికి ఒడియా, తెలుగు రెండూ తెలిసినవాళ్లని పట్టుకోండి, మాకు ఆ ఒక్కదానికే రెండు నెలలు పట్టింది.

మెకానికల్ కుర్రాడు, విశాఖ
అక్కా, మీ మాట నాకు గట్టిగా తగిలింది. నేను లైను గురించే ఆలోచించాను, లైను ఎవరిది అని ఆలోచించలేదు. అన్నా, డబ్బు తీసుకోను, మీ గది డ్రాయింగు నేను గీసి ఇస్తాను. నేల వాలు ఎటు ఉండాలి, రక్తం కాలువ వేరుగా, కడిగిన నీళ్ల కాలువ వేరుగా, కొవ్వు పట్టే గుంట ఎక్కడ, అవన్నీ. నేల వాలు తప్పితే తర్వాత బాగుచేయలేం.

వంశధార రైతు, గుణుపురం
లైసెన్సు సంగతి డాక్టరమ్మ గారు చెప్తారా? ఏజెంటు అన్నీ నేను చూసుకుంటాను అంటున్నాడు, నాకే తెలియాలి అనిపిస్తోంది.

పశువుల డాక్టరమ్మ, పర్లాకిమిడి
రోజుకి 50 కోళ్ల వరకు అయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ)లో రిజిస్ట్రేషన్ సరిపోతుంది, ఏడాదికి ఫీజు 100 రూపాయలు. 50 దాటి 1,000 వరకు రాష్ట్ర లైసెన్సు. 1,000 దాటితే కేంద్రం లైసెన్సు. మేకలైతే పది వరకు రిజిస్ట్రేషన్, 150 వరకు రాష్ట్రం. పంచాయతీ లేదా మునిసిపాలిటీ అనుమతి వేరుగా ఉండాలి. కబేళా అంటే కాలుష్య మండలి లెక్కలో రెడ్ క్యాటగిరీ (కాలుష్యం ఎక్కువ ఉండే రకం), అంటే పెద్దది కడితే మురుగు శుద్ధి ఖర్చు మెషీన్ ఖర్చుతో పోటీ పడుతుంది. ఏజెంటు ఆ కాగితం చూపించాడా? అడుగు.

వంశధార రైతు, గుణుపురం
అడిగాను. చూపించలేదు, ఫోన్ తీయడం కూడా తగ్గించాడు.

నాలుగు రోజులుగా మీరు రాసినవన్నీ నాన్నకి చదివి వినిపించాను. మెస్ అక్క గుడ్డు కూర పెట్టి పిల్లల్ని క్షమించమన్న దగ్గర ఆయన మళ్లీ చదవమన్నారు. నిర్ణయం ఇది. లైను వద్దు, లోను వద్దు. రోజుకి 50 కోళ్లు, రిజిస్ట్రేషన్ మీద. పాత దాణా గోడౌను ఉంది, దాన్ని మూడు గదులు చేస్తాం. ఆరు స్టీలు కోన్‌లు, రెండు పెద్ద ఐసు తొట్లు, వేలాడదీసే కడ్డీ, ఒక పెద్ద ఫ్రిజ్. చింతమొద్దు బదులు కడగడానికి వీలైన తెల్ల బోర్డు. 50 కోళ్లంటే బతికున్న బరువు 100 కిలోలు, మాంసం 65 దాకా వస్తుంది అనుకుంటున్నాను, పారేసేది 30 కిలోల పైనే. అది మా షెడ్డు ఊకతో వరసలు వరసలుగా పేర్చి ఎరువు చేస్తాం, రక్తం డ్రమ్ములో వేరుగా పట్టి అదే కుప్పలో కలుపుతాం. ఈకలు నెమ్మదిగా కుళ్లుతాయని తెలుసు, స్థలం ఉంది కాబట్టి పర్వాలేదు. నదిలోకి ఒక్క సంచి కూడా వెళ్లదు, ఇది రాయగడ అన్నకి మాట ఇస్తున్నాను.

కంపెనీ షెడ్డు ఇప్పుడే వదలను. పక్కన 600 కోళ్ల చిన్న షెడ్డు సొంతానికి వేస్తాను. మా వైపు ఇంకో ముగ్గురు రైతులు సొంతంగా చిన్న బ్యాచ్‌లు వేయడానికి ఒప్పుకున్నారు, వారం వారం మార్చి మార్చి కోసేలా. సంఘం అక్క అన్న మాట గుర్తుంచుకుని నలుగురం కలిసే ఖాతా తెరుస్తున్నాం, బండి ఆలస్యమైతే కోత ఎవరికి పడాలో ముందే కాగితం మీద రాసుకుంటున్నాం.

గుణుపురం నుంచి బరంపురం దూరం ఎక్కువ, తెల్లారుజామున రెండింటికే బయల్దేరాలి. అంటే ముందురోజు సాయంత్రం కోసి రాత్రంతా చల్లగా ఉంచాలి. మొదటి వారం అమ్మకం పెట్టుకోను, ఊరికే పది కోళ్లు కోసి పెట్టెలో పెట్టి బరంపురం దాకా బస్సులో తెచ్చి అక్కడ గుచ్చి చూస్తాను.

మెస్ అక్క, బరంపురం
బుధవారం తీసుకురా. ఆరింటికి గుమ్మం దగ్గరే ఉంటాను. థర్మామీటరు నేనూ ఒకటి తెప్పించాను, ముందు అడుగు వరస కోడి తీసి నేనే గుచ్చుతాను. 4 దగ్గర ఉంటే ఆ పదీ ఆ రోజే వండేస్తాను, డబ్బులు ఇచ్చి పంపిస్తాను.